అసురపురం – పణ్యపురం: త్రిపురాంతకం దారిలో మూడు కావ్యనగరాలు

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్యవిమర్శలో అసురుల నగరాలను ప్రతీకలుగానూ, వర్తకనగరాలను సాంఘికచరిత్రకు ఆధారాలుగానూ చదవడం అలవాటుగా వస్తోంది. ఈ రెండు రకాల నగరాలను పక్కపక్కన పెట్టి చూసిన సందర్భాలు తక్కువ. పశ్చిమ ప్రకాశం ప్రాంతంలోని త్రిపురాంతకం కేంద్రంగా, త్రిపురకథ, పింగళి సూరన ‘ప్రభావతీప్రద్యుమ్నము’లోని వజ్రపురం, ‘క్రీడాభిరామము’లోని ఓరుగల్లు అనే మూడు నగరాలను ఈ వ్యాసం తులనాత్మకంగా పరిశీలిస్తుంది. అసురపురానికి అసలు లక్షణం క్రౌర్యం కాదు, అంగడి లేకపోవడమేనని ప్రతిపాదిస్తుంది. ఆ ప్రతిపాదనకున్న పరిమితిని బౌద్ధజాతకకథ, ఒక ఆంగ్ల స్వప్నలోకకథ సాయంతో చర్చిస్తుంది.

కీలకపదాలు: త్రిపురాంతకం, రావిపాటి త్రిపురాంతకుడు, వజ్రపురం, ప్రభావతీప్రద్యుమ్నము, క్రీడాభిరామము, నగరవర్ణన, మోటుపల్లి అభయశాసనం.

1. ఉపోద్ఘాతం:
శ్రీశైలక్షేత్రానికి నాలుగు ద్వారాలున్నాయని శైవసంప్రదాయం చెప్తుంది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. వీటిలో త్రిపురాంతకం నేటి పశ్చిమ ప్రకాశం ప్రాంతంలో, మార్కాపురానికి చేరువలో ఉంది. కొండపై త్రిపురాంతకేశ్వరుడు, దిగువన బాలాత్రిపురసుందరి కొలువై ఉన్నారు. శివుడు అసురుల మూడు పురాలను దహించినది ఈ చోటనే అని స్థలగాథ. మార్కాపురం చెన్నకేశవస్వామి స్థలగాథలోనూ కేశి అనే రాక్షసుని వధ ఉంది. నల్లమల అంచున ఉన్న ఈ ప్రాంతం తన పుట్టుకను రాక్షసులతో జరిగిన తగవుగా చెప్పుకున్నదన్నమాట.

ఇదే ప్రాంతం ఒక దారి కూడా. వినుకొండ నుండి త్రిపురాంతకం, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమలను దాటితే నంద్యాల వస్తుంది. ఈ దారికి తూర్పుకొసన ‘క్రీడాభిరామము’ కర్తగా ప్రసిద్ధుడైన వినుకొండ వల్లభరాయని ఇంటిపేరులోని ఊరు ఉంది. పడమటికొసన ‘కళాపూర్ణోదయము’ను అంకితం పుచ్చుకున్న నంద్యాల కృష్ణమరాజు ఊరు ఉంది. నడుమ త్రిపురాంతకేశ్వరుని కీర్తిస్తూ ‘త్రిపురాంతకోదాహరణము’ రచించిన రావిపాటి త్రిపురాంతకుని ఇలవేలుపు ఉన్నాడు. ఒకే దారిమీద మూడు కావ్యనగరాలు ఎదురవుతాయి. ఒకటి కాలిపోయిన అసురపురం, రెండవది చేతులు మారిన అసురపురం, మూడవది మనుషుల వర్తకపురం.

ఈ మూడింటినీ ఒకచోట చేర్చడానికి భౌగోళిక సామీప్యం ఒక్కటే కారణం కాదు. రావిపాటి త్రిపురాంతకుడు అసురపురాలను కాల్చిన దేవుణ్ణి తెలుగులో స్తుతించాడు. సంస్కృతంలో ‘ప్రేమాభిరామము’ అనే వీథిని కూడా ఆయనే రచించాడని, దాని ననుసరించే ‘క్రీడాభిరామము’ వెలువడిందని సాహిత్యచరిత్ర చెప్తుంది. పురదహనాన్ని కీర్తించిన కవే పురవిహారానికీ మూలపురుషుడు కావడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఈ యాదృచ్ఛికత ఒక ప్రశ్నకు తావిస్తుంది. ఏ నగరాన్ని కాల్చాలి, ఏ నగరంలో తిరగాలి అనే వివేచనను తెలుగు కవిత్వం ఏ ప్రాతిపదికపై చేసింది?

2. త్రిపురం: కోరికకు ధర లేని నగరం
త్రిపురకథ తెలుగులో ప్రధానంగా రెండు మార్గాల్లో వచ్చింది. ఒకటి భారతమార్గం. కర్ణపర్వంలో శల్యుణ్ణి కర్ణునికి సారథిగా ఒప్పించడానికి దుర్యోధనుడు ఈ కథ చెప్తాడు. రెండవది భాగవతమార్గం. పోతన భాగవతం సప్తమస్కంధంలో నారదుడు దీనిని ధర్మరాజుకు వినిపిస్తాడు.

భారతకథలో తారకాసురుని కొడుకులు ముగ్గురు. తారకాక్షునిది బంగారుపురం, కమలాక్షునిది వెండిపురం, విద్యున్మాలిది ఇనుపపురం. కట్టినవాడు మయుడు. అవి వేయేండ్లకొకసారి మాత్రమే ఒక వరుసలోకి వస్తాయి. అప్పుడు ఒక్క బాణంతో మూడింటినీ కొట్టగలవాడే వాటికి అంతకుడు. ఈ వివరాలన్నీ విదితమే. కాని మూలభారతం చెప్పే మరొక వివరం విమర్శకుల దృష్టికి అంతగా వచ్చినట్టు లేదు. ఆ పురాలలో ఉండేవారు మనసులో దేనిని తలచుకుంటే దానిని మయుడు తన మాయతో అక్కడికక్కడే సమకూర్చేవాడు. చనిపోయినవారిని తిరిగి బ్రతికించే కొలను కూడా అక్కడ ఉంది. భాగవతంలో ఇది మయుడు నిర్మించిన అమృతకూపంగా మారింది. విష్ణువు ఆవుగా, బ్రహ్మ దూడగా వచ్చి దానిని తాగివేసేంతవరకు ఆ పురాలు అజేయంగా ఉన్నాయి.

ఈ రెండు వివరాలను కలిపి చూస్తే త్రిపురం ఎటువంటి నగరమో స్పష్టమవుతుంది. తలచినదల్లా దొరికే చోట కొనడం, అమ్మడం ఉండవు. చచ్చినవాడు లేచివచ్చే చోట వారసత్వం, అప్పు, వాయిదా ఉండవు. ఒకరి అవసరం మరొకరికి బ్రతుకుతెరువు కావడం అనే నగరజీవనసూత్రం అక్కడ పనిచేయదు. అది కలలోని నగరం వంటిది. కలలో కోరికకూ వస్తువుకూ నడుమ దూరం ఉండదు. మెలకువలో ఆ దూరాన్ని పూరించేది అంగడి. త్రిపురం అంగడి లేని నగరం.

ఇందుకు ఎదురుగా దేవతలు సిద్ధంచేసిన రథాన్ని గమనించాలి. భూమి రథమైంది, సూర్యచంద్రులు చక్రాలయ్యారు, వేదాలు గుర్రాలయ్యాయి, బ్రహ్మ సారథి, విష్ణువు బాణం. దేవతలందరి తేజస్సులో సగం శివునికి చేరింది. ఆ రథంలో ఏ భాగమూ మరొక భాగం లేకుండా పనికిరాదు. అందరూ తలా ఇంత తెచ్చి కూర్చిన రథం, ఎవరి అవసరమూ లేని నగరాన్ని పడగొట్టింది. అంతకుముందు కథలో ఒంటరి దేవతలెవరూ ఆ పురాలను ఏమీ చేయలేకపోవడం ఈ అర్థాన్ని బలపరుస్తుంది.

త్రిపురాలను స్థూల, సూక్ష్మ, కారణ శరీరాలుగా వ్యాఖ్యానించే సంప్రదాయం ఉంది. సత్త్వరజస్తమోగుణాలుగా చెప్పే సంప్రదాయమూ ఉంది. ఉపాసనాదృష్టితో అవి సార్థకాలే. అయితే సాహిత్యదృష్టితో చూస్తే అటువంటి వ్యాఖ్యానంలో ఒక నష్టం జరుగుతుంది. పురం ప్రతీకగా మారిన మరుక్షణం పురజనులు కనిపించకుండా పోతారు. పురాణకర్తలకు ఆ జనం కనిపించారు. లింగపురాణం, శివపురాణం చెప్పే కథలో త్రిపురవాసులు శివభక్తులు. వారు ధర్మం తప్పనంతకాలం వారిని చంపడానికి వీల్లేదు. అందుకని విష్ణువు ఒక మాయాబోధకుణ్ణి సృష్టించి, వారిని దారి తప్పించిన తరువాతనే దహనం జరిగింది. మత్స్యపురాణం మంటల్లో చిక్కిన పురస్త్రీల ఆక్రందనకు చోటిచ్చింది. నగరం మొత్తాన్ని తగులబెట్టడం న్యాయమేనా అన్న సంశయం పురాణంలోనే ఉంది. వ్యాఖ్యానమే దానిని మాటుపరచింది.

రావిపాటి త్రిపురాంతకుని ఉదాహరణకావ్యం ఈ చర్చలో మరొక కోణాన్ని చూపుతుంది. ప్రతి విభక్తికి ఒక వృత్తం, ఒక కళిక, ఒక ఉత్కళిక చొప్పున దైవాన్ని అన్ని విభక్తులలోనూ స్తుతించడం ఉదాహరణ లక్షణం. కర్తగా, కర్మగా, సాధనంగా, ఉద్దేశ్యంగా, అవధిగా, సంబంధిగా, ఆధారంగా ఒకే దేవుడు కనిపిస్తాడు. చివర సంబోధన వస్తుంది. విభక్తి అంటే ఒక పదానికి మరొక పదంతో ఉన్న సంబంధం. ఎవరితోనూ సంబంధం అక్కరలేని పురాలను నశింపజేసిన దేవుని స్తుతికి సంబంధాలనే అంగాలుగా గల ప్రక్రియ ఎంతో తగినది. కవి దీనిని ఉద్దేశించాడని చెప్పడం సాహసం. కాని ప్రక్రియకూ వస్తువుకూ కుదిరిన ఈ పొందిక పాఠకునికి అందుతుంది.

3. వజ్రపురం: అనుమతి కావలసిన నగరం
16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన తన ‘ప్రభావతీప్రద్యుమ్నము’నకు హరివంశంలోని వజ్రనాభవృత్తాంతాన్ని వస్తువుగా తీసుకున్నాడు. వజ్రనాభుడు బ్రహ్మను మెప్పించి వజ్రపురాన్ని పొందాడు. అతని అనుమతి లేనిదే గాలి కూడా ఆ పురంలోకి చొరరాదు. త్రిపురం ఆకాశంలో తిరిగి అందకుండా పోతే, వజ్రపురం నేలమీదనే ఉండి తలుపు మూసుకుంది. మొదటిది దూరంవల్ల దుర్గమం, రెండవది అనుమతివల్ల దుర్గమం.

మూసిన తలుపు ఎలా తెరుచుకుందన్నదే సూరన కావ్యంలోని కథానిర్వహణ. అందులో మూడు ప్రవేశాలున్నాయి. మొదటిది కల. ప్రభావతికి పార్వతి కలలో ప్రద్యుమ్నుని చిత్తరువును అనుగ్రహించింది. రెండవది హంస. సరస్వతి శిక్షణలో వాక్చాతుర్యం నేర్చిన శుచిముఖి పురంలోకి వెళ్లి నాయికానాయకుల నడుమ దూతిక అయింది. మూడవది నాటకం. భద్రుడనే నటుని కీర్తి విన్న వజ్రనాభుడు ఆ ఆటను చూడాలని ఆశపడ్డాడు. ఆ నటబృందంలో కలిసి ప్రద్యుమ్నుడు పురప్రవేశం చేశాడు.

ఈ మూడింటిలో ఏదీ ముట్టడి కాదు. కలను ఏ కావలివాడూ ఆపలేడు. హంసలను వజ్రనాభుడే ఆదరించాడు. నటులను తానే పిలిపించాడు. గాలిని సైతం ఆపగల నగరం కథ వినాలన్న కోరికను, ఆట చూడాలన్న కోరికను ఆపలేకపోయింది. త్రిపురంలో తలచినదల్లా లోపలే దొరికింది. వజ్రపురంలో లేనిది ఒకటుంది. దానిని బయటినుండి తెప్పించుకోవలసి వచ్చింది. వజ్రపురానికి జరిగిన తొలి దిగుమతి కళ. ఆ ఒక్క దిగుమతితోనే అది అసురపురంగా ఉండడం మానుకుంది.

సంస్కృత హరివంశంలో ఈ నటబృందం ప్రదర్శించిన వాటిలో రామాయణం ఉంది. అసురులు ఆ ప్రదర్శనకు ఆశ్చర్యపడి నటులకు నగలూ వస్త్రాలూ ఇచ్చారు. రాక్షసనగరం పతనమయ్యే కథను మరొక రాక్షసనగరం ఆనందంతో చూసింది, ఆటను మెచ్చుకొని బహుమతులిచ్చింది. చూస్తున్నది తమ కథేనని వారికి తోచలేదు. లంక సంగతీ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. వాల్మీకి యుద్ధకాండలో హనుమంతుడు రామునికి లంకకోటను వివరిస్తూ, ఆ పట్టణం సముద్రం ఆవల ఉన్నా అక్కడికి ఓడదారి లేదని చెప్తాడు. కడలినడుమ ఉండి ఓడలు రాని పట్టణం లంక. సంపదలో కుబేరుని పట్టణమే అయినా దానికి రేవు లేదు. త్రిపురం, లంక, వజ్రపురం మూడింటిలోనూ ఐశ్వర్యం అపారం, రాకపోకలు శూన్యం. వీటి సామాన్యలక్షణం ఇదే.

ముగింపులోనూ వజ్రపురం త్రిపురానికి భిన్నమైంది. హరివంశకథలో వజ్రనాభుని వధ తరువాత అతని రాజ్యం తగులబడలేదు. ఆ ఇంటి ఆడపడుచులకు యాదవవీరులవల్ల, జయంతునివల్ల పుట్టిన కొడుకులకు భాగాలుగా దక్కింది. అసురపురం మనుమల ఊరయింది. సూరన ఈ కథను ప్రభావతి వైపునుండి నడపడం గమనించదగిన విషయం. బయటివారికి అది చొరరాని శత్రుదుర్గం. ఆమెకు అది పుట్టిల్లు. అసురపురం అనే పేరు తలుపుకు బయట నిలబడినవారు పెట్టిన పేరు. లోపల ఉన్నవారికి అది ఊరు మాత్రమే. పురాణంలో మంటల్లో చిక్కిన పురస్త్రీలకు మాటుపడిన గొంతు, సూరన చేతిలో ఒక నాయికకు కావ్యం పొడుగునా దక్కింది. అతని కథలో అసురపురానికి దహనం తప్పిపోవడానికి, కథను ఆ పురంలోని ఆడపడుచు పరంగా చూడడానికి సంబంధం ఉంది.

4. ఓరుగల్లు: అన్నిటికీ ధర ఉన్న నగరం
‘క్రీడాభిరామము’ తెలుగులో లభిస్తున్న తొలి వీథిరూపకం. మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే వైశ్యుడు పొద్దుటినుండి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవే ఇందలి వస్తువు. వీథి అనే ప్రక్రియాపేరుకు ఇక్కడ వీధి అనే అర్థం కూడా సరిపోయింది. ఇద్దరు మిత్రులలో ఒకడు వర్తకుడు కావడం గుర్తుంచుకోవాలి. త్రిపురకథలో వర్తకునికి చోటే లేదు. ఇక్కడ నగరాన్ని చూసే రెండు జతల కళ్లలో ఒక జత వర్తకునిది.

ఈ నగరంలో తలచినదేదీ ఊరికే దొరకదు. పూటకూళ్లయింట్లో రూక ఇస్తేనే భోజనం. గడియారం గడియలను కొలుస్తుంది. కోడిపందేనికి, పొట్టేళ్ల పోరుకు చూపరులు గుమిగూడతారు. పల్నాటివీరుల కథను పాడే స్త్రీ ఉంది. మాచల్దేవి చిత్రశాల ఉంది. ఏకవీర వంటి దేవతలున్నారు. మైలారుని భటుల ఒళ్లు గగుర్పొడిచే సాహసాలున్నాయి. మరొక కావ్యంలోనైతే ఈ నిప్పుల ఆటలూ, ఉగ్రదేవతలూ భయానకరసానికి ఆలంబనలు కాగలవు. ఇక్కడ అవి వింతలు. మిత్రులిద్దరూ ఆగి చూస్తారు, వ్యాఖ్యానిస్తారు, ముందుకు సాగుతారు. తలుపు తెరిచిన నగరంలో భయంకరమైనది కూడా ఇరుగుపొరుగుగా మారుతుంది. వీథిరూపకం సాధించిన రసపరిణామం ఇది.

అయితే ఈ ఓరుగల్లు కూడా ఒక విధంగా కలలోని నగరమే. 1323లో కాకతీయరాజ్యం పతనమైంది. నేడు లభిస్తున్న ‘క్రీడాభిరామము’ ఆ తరువాతి కాలపు రచన. లేని నగరాన్ని ఉన్నట్టుగా వీధివీధీ తిరిగి చూపిన గ్రంథమది. త్రిపురం దేవతల కోపంతో కాలిపోయింది, ఓరుగల్లు చరిత్రలో పడిపోయింది. మొదటిదాని స్మృతిగా అంతకుని పేరు మాత్రమే ఊరికి నిలిచింది. రెండవదాని స్మృతిగా పూటకూళ్లయింటి రూక, గడియారపు గడియ, పందెపుకోడి నిలిచాయి. కాలిన నగరం గురించి దానిని కాల్చినవాని వైపునుండి తెలుసుకుంటాం. పడిపోయిన నగరం గురించి అందులో తిరిగినవారి వైపునుండి తెలుసుకుంటాం. సాహిత్యంలో ఒక నగరం బ్రతకడమంటే ఈ రెండవదే.

5. ప్రతిపాదనకు పరిమితి: అంగడిలోని అసురుడు
ఇంతవరకు చేసిన పరిశీలననుబట్టి మూసిన నగరం అసురం, తెరిచిన నగరం మానుషం అని సూత్రీకరించవచ్చు. కాని ఈ సూత్రాన్ని యథాతథంగా అంగీకరించడానికి రెండు కథలు అడ్డువస్తాయి.

మొదటిది జాతకకథల్లో 196వదైన వలాహస్సజాతకం. తామ్రపర్ణిద్వీపంలో సిరీసవత్థు అనే యక్షనగరం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన వర్తకులను అక్కడి యక్షిణులు స్త్రీరూపాలతో ఆదరిస్తారు. పొలం దున్నేవారు, ఆవులు, కుక్కలు ఉన్నట్టుగా మాయను కల్పించి మనుషుల ఊరని నమ్మిస్తారు. తమ భర్తలు కూడా ఓడలెక్కి వ్యాపారానికి పోయి మూడేండ్లయినా తిరిగిరాలేదని చెప్పుకుంటారు. ఆపైన వర్తకులను పెండ్లాడి, కొత్తవారు దొరికినప్పుడు పాతవారిని భక్షిస్తారు. నిజం గ్రహించిన వర్తకనాయకుని మాట నమ్మినవారు ఆకాశంలో ఎగిరే గుర్రం సాయంతో బయటపడ్డారు, నమ్మనివారు అక్కడే నశించారు. దొనకొండకు చేరువలోని చందవరం స్తూపం ఈ ప్రాంతానికి బౌద్ధంతో ఉన్న పాతపరిచయాన్ని గుర్తుచేస్తుంది. కనుక ఈ కథ ఇక్కడి చర్చకు పరాయిది కాదు. ఇందులో అసురనగరం తలుపు మూసుకోలేదు. ఆహ్వానం పలికింది. దాని మాయ అంతా వర్తకుని ఇంటి బెంగను అనుకరించడంలోనే ఉంది.

రెండవది అమెరికన్ రచయిత హోవర్డ్ ఫిలిప్స్ లవ్‌క్రాఫ్ట్ 1926–27లో రాసిన, మరణానంతరం 1943లో వెలువడిన స్వప్నలోకకథ ‘ది డ్రీమ్‌క్వెస్ట్ ఆఫ్ అన్‌నోన్ కడత్’. అందులో డైలాత్‌లీన్ అనే నల్లరాతి వర్తకపురం వస్తుంది. ఆ రేవుకు నల్లని ఓడలు కెంపులు తెస్తాయి. తెచ్చే వర్తకుల నోళ్లు మరీ వెడల్పు, తలపాగాలు నుదుటిపై రెండుచోట్ల ఎత్తుగా ఉబికి ఉంటాయి. ఓడను నడిపే తెడ్లవారు ఎవరికీ కనబడరు. వారు ప్రతిగా కొనేవి బంగారం, తూకానికి బానిసలు. పట్టణవాసులకు ఆ వర్తకులంటే వెగటు. అయినా కెంపులు మరెక్కడా దొరకవు కనుక రేవును మూయరు. వింతరూపపు విదేశీయుణ్ణే రాక్షసునిగా చిత్రించిన ఈ కల్పనలో రచయిత జాతివివక్ష కూడా కలిసి ఉంది. దానిని విమర్శించే చదవాలి. కాని కథలోని ఒక అంశం ఆ వివక్షను దాటి నిలుస్తుంది. ఆ పట్టణంలో అసురత్వం తలపాగా కింది కొమ్ముల్లో మాత్రమే లేదు. మనుషులను తూచడం చూసి కూడా కెంపులు కొన్న పౌరుల మౌనంలోనూ ఉంది.

ఈ రెండు కథల వెలుగులో ఓరుగల్లును తిరిగి చూస్తే ఇంతకుముందు కనిపించనిది కనిపిస్తుంది. అన్నిటికీ ధర ఉన్న నగరంలో మనుషులకూ ధర ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి వీధిలో చూసే స్త్రీలలో అధికులు చూపుకు, వ్యాఖ్యకు, కొనుగోలుకు విషయాలుగానే మిగిలారు. వారివైపునుండి నగరం ఎలా ఉందో ఆ రూపకం చెప్పదు. సూరన ప్రభావతికి ఇచ్చిన చోటు ఓరుగల్లు వీధిలో ఏ స్త్రీకీ దొరకలేదు. అసురుని కూతురికి కావ్యంలో చూపు ఉంది, మానవనగరపు స్త్రీకి లేదు. క్రీడాభిరామాన్ని సాంఘికచరిత్రకు గనిగా మెచ్చుకునే విమర్శ ఈ లోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

6. మోటుపల్లి శాసనం: రేవుకు ధర్మం
కావ్యాలు విడిచిన ఈ చిక్కును ఒక శాసనం మరొక వైపునుండి ఎదుర్కొంది. పూర్వపు ప్రకాశం జిల్లా తీరంలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం సుప్రసిద్ధం. ఓడలు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వరాజులు బలవంతంగా తీసుకునేవారని అది ఒప్పుకుంటుంది. సముద్రయానానికి తెగించినవారికి ధనం ప్రాణంకంటె గొప్పదని తలచి, దయతో, నిర్ణీతసుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ప్రకటిస్తుంది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మరల అభయమిచ్చాడు. 

ఓడ పగిలిన వర్తకుని భక్షించడం జాతకంలో యక్షిణుల పని. శాసనం ప్రకారం అదే పనిని రాజులు చేస్తూవచ్చారు. కథలో యక్షిణికి ఉన్న పేరు చరిత్రలో రాజుకు లేదు, అంతే తేడా. గణపతిదేవుని శాసనం రేవును మూయలేదు, కాల్చలేదు. ఎంత తీసుకోవచ్చో, ఎక్కడ ఆగాలో రాతిమీద చెక్కింది. కావ్యాలు చెప్పిన రెండు మార్గాలకు, అంటే దహనానికీ విహారానికీ నడుమ, శాసనం మూడవమార్గాన్ని చూపింది. ఒక హద్దు, ఒక మాట, దానికి అందరూ చదవగల సాక్ష్యం. కాకతీయుల కాలంలోనే త్రిపురాంతకం కూడా అనేక దానశాసనాలున్న పెద్ద క్షేత్రంగా ఎదిగింది. పురాలను కాల్చిన దేవుని గుడిలోనూ ఎవరు ఎంత ఇచ్చారో, అది ఏ దీపానికి, ఏ నైవేద్యానికి చెందాలో రాళ్లమీదకు ఎక్కింది.

7. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

• త్రిపురం, లంక, వజ్రపురం అనే అసురపురాలకు సామాన్యలక్షణం క్రౌర్యంకంటె స్వయంసమృద్ధి. ఇతరుల అవసరం లేకపోవడమే వాటి బలం, అదే వాటి పతనహేతువు.

• త్రిపురసంహారరథం పరస్పరాధీనతకు రూపం. ఉదాహరణప్రక్రియలోని విభక్తిక్రమం ఆ అర్థానికి అనుగుణంగా ఉంది.

• సూరన వజ్రపురాన్ని ముట్టడితో కాక కల, కథ, నాటకాలతో తెరిపించాడు. కథను పురస్త్రీ వైపునుండి నడిపి దహనకథను వారసత్వకథగా మలిచాడు.

• క్రీడాభిరామంలోని ఓరుగల్లు భయానకాన్ని వింతగా మార్చగలిగిన తెరిచిన నగరం. అయితే అంగడి దానంతటదే మానుషం కాదు. మనిషిని తూకానికి పెట్టినచోట అసురత్వం తలుపు దాటి త్రాసులోకి చేరుతుంది.

• అందువల్ల అసురపురాలను ప్రతీకలుగా, వర్తకపురాలను చారిత్రకాధారాలుగా విడదీసి చదివే పద్ధతిని పునఃపరిశీలించాలి. రెండింటినీ అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ నగరం ఎవరిని మనిషిగా లెక్కించలేదు?

త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పుద్వారం. పురాలను అంతం చేసినవాని పేరు మోసే ఊరికి సంప్రదాయం అప్పగించిన పని తలుపుగా ఉండడం. ఆ తలుపులోంచి యాత్రికులూ వర్తకులూ నడిచారు. మార్కాపురం పలకలు దూరపుబడులకు చేరి ఎందరో పిల్లల చేత అక్షరాలు దిద్దించాయి. తలచినదల్లా దొరికే నేల కాదు ఇది, నీటికోసం ఏండ్లతరబడి ఎదురుచూస్తున్న నేల. ఈ నేలకు అసురపురపు స్వయంసమృద్ధి ఎన్నడూ లేదు. ఇచ్చిపుచ్చుకోవడంమీదనే అది నిలిచింది. త్రిపురకథను ఈ ప్రాంతపు విద్యార్థులకు పాఠంగా చెప్పేటప్పుడు కాలిన పురాల వైభవంతోపాటు, ఆ పురాలలో అంగడి ఎందుకు లేదన్న ప్రశ్నను కూడా ముందుంచితే కథకు కొత్త అర్థావకాశం కలుగుతుంది.